సూక్ష్మజీవుల భోజన వేళలు

కొత్తరేవు పట్టణంలో ఎవరు ఎప్పుడు దొడ్డికి వెళ్లాలో నిర్ణయించిన ఫైలు నా బల్ల మీదుగానే వెళ్లింది. ఫైలు సాఫీగా వెళ్లింది. వెళ్లలేకపోయింది జనమే.

నేను పురపాలక సంఘం ప్రజారోగ్య విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. పైవాళ్లు చెప్పింది ఉత్తర్వుగా రాయడం నా పని. రాసినదాంట్లో అర్థం ఉందా లేదా అని చూడడం వేరే సెక్షను పని. ఆ సెక్షను మా ఆఫీసులో లేదు.

ఊరికి తూర్పున, ఉప్పుటేటి ఒడ్డున మా మురుగుశుద్ధి కేంద్రం ఉంది. ఊరి మురుగంతా గొట్టాల్లో ప్రయాణం చేసి అక్కడి పెద్ద సిమెంటు ట్యాంకులో పడుతుంది. ట్యాంకు అడుగు నుంచి యంత్రం గాలి బుడగలు వదులుతూ ఉంటుంది. ఆ గోధుమరంగు నీళ్లలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. అవి మురుగు తింటాయి. నీళ్లు తేరుకుంటాయి. తేరుకున్న నీళ్లు ఏట్లోకి పోతాయి. తినడం వల్ల ఊరు శుభ్రపడే శాఖ మా మున్సిపాలిటీలో ఇదొక్కటే.

ఈ కోటానుకోట్లకీ కాపలాదారు, వంటవాడు, వైద్యుడు అన్నీ కర్రి నూకరాజే. కాంట్రాక్టు ఆపరేటరు. యాభై దగ్గర పడ్డ మనిషి. కేంద్రం కట్టిన కొత్తలో ట్యాంకు నిండా మురుగే తప్ప దాన్ని తినే నాథుడు లేకపోతే, పక్క ఊరి కేంద్రం నుంచి నాలుగు నీలం డ్రమ్ముల్లో బురదనీళ్లు ఆటోలో ఒళ్లో పెట్టుకున్నంత జాగ్రత్తగా తెచ్చి ఇందులో కలిపాడు. పాలకు తోడు పెట్టినట్టన్నమాట. మూడు నెలలు బెల్లం నీళ్లు పోసి, చిటికెడు యూరియా చల్లి, ఆ తోడుని ట్యాంకంతా తోడుకునేలా చేశాడు. ఊళ్లో కల్చర్ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉంది, ఆ ట్యాంకులో ఉంది, దాన్ని పెంచినవాడు నూకరాజు. వాటికి నూకలుంటేనే అతనికీ నూకలు.

రోజూ పొద్దున్నే ఒక గాజు జాడీలో ట్యాంకు నీళ్లు ముంచి గట్టు మీద పెడతాడు. అరగంటలో బురద అడుగుకి చేరి, పైన నీళ్లు తేటగా నిలబడితే జీవులు క్షేమం. అప్పుడు ఇంటికి ఫోన్ చేసి "కూచున్నాయే" అంటాడు. అవతల అతని భార్య వరహాలు "సరే, నువ్వూ కూచుని టిఫిను తిను" అంటుంది. పెళ్లయి పాతికేళ్లయినా వాళ్లకి పిల్లల్లేరు. ఆవిడ నాలుగో వార్డు అంగన్‌వాడీలో ఆయా.

ఇలా అందరూ తిని బతుకుతున్న రోజుల్లో మా కమిషనర్ గారు తినడం మానేశారు.

ఆయన పేరు లంబోదరరావు గారు. ఆర్నెల్ల కిందటి వరకూ పేరుకి తగ్గ మనిషి. కుర్చీలో ముందు పొట్ట కూర్చునేది, తర్వాత ఆయన కూర్చునేవారు. డాక్టరెవరో భయపెట్టడంతో రోజుకి రెండే పూటలు, మధ్యలో మంచినీళ్లు అనే పద్ధతి పట్టి పంతొమ్మిది కిలోలు తగ్గారు. ఉదరం పోయింది, లంబం మిగిలింది. లావుగా ఉన్న మనిషి ఊరుకుంటాడు. సన్నబడ్డ మనిషి ఊరుకోడు, ఊరిని పట్టుకుంటాడు. మొదటి వారం ఆఫీసులో పదకొండు గంటల టీ పోయింది. రెండో వారం క్యాంటీన్లో బజ్జీలు పోయి కొర్రల ఉప్మా వచ్చింది. మూడో వారం క్యాంటీనే పోయింది. నాలుగో వారం ఇంక ఎవరి తిండి తగ్గించాలో తోచక ఆయన మురుగుశుద్ధి కేంద్రం తనిఖీకి బయల్దేరారు. నోట్సు రాసుకోవడానికి నేను వెంట వెళ్లాను.

రెయిలింగు పట్టుకుని ట్యాంకులోకి చూస్తూ అడిగారు. "ఇవి రోజుకెన్ని పూటలు తింటాయి?"

"పూటల్లేవండి," అన్నాడు నూకరాజు. "వచ్చింది వచ్చినట్టు తింటాయండి."

"అంటే రోజంతా?"

"ఆయ్. పగలూ రాత్రీనండి."

"ఒకచోట కూర్చుని తింటాయా?"

"ఈదుకుంటా తింటాయండి."

కమిషనర్ గారు నా వైపు చూశారు. నేను రాసుకున్నాను: ఈదుతూ భోజనం.

"నోరు ఎంత ఉంటుంది?"

"నోరు లేదండి. పొట్టా లేదండి." తన పిల్లల గురించి అడిగితే తండ్రి ముఖం ఎలా వెలుగుతుందో అలా వెలిగింది నూకరాజు ముఖం. "మనం ముద్ద లోపలేసుకుని అరిగించుకుంటావండి. ఇవి ముందు రసం బయటికి వదుల్తాయండి. ఎదర గంజుందనుకోండి, మాంసం పీచుందనుకోండి, అదంతా బయటే అరిగి నీళ్లైపోద్దండి. అప్పుడు ఒంటి తోల్లోంచి లోనికి లాక్కుంటాయండి. కొన్ని సరుకులు ఊరికే రావండి. గుమ్మం కాడ ఒంట్లో సత్తువ కూలిగా ఇచ్చి లోపలికి మోయించుకోవాలండి."

"పొట్ట లేదా," అన్నారు కమిషనర్ గారు. ఆ గొంతులో కొంచెం అసూయ వినపడింది. ఆయన ఆర్నెల్లు కష్టపడి సాధించింది వాటికి పుట్టుకతోనే ఉంది. "సరే, తిని ఏం చేస్తాయి?"

"ఒళ్లు చేస్తాయండి. బాగా ఒళ్లు చేశాక నడుం కాడ నొక్కు పడి రెండైపోతాయండి."

కమిషనర్ గారు రెయిలింగు గట్టిగా పట్టుకున్నారు. "మా డాక్టరు నాతో సరిగ్గా ఇదే అన్నాడయ్యా. ఇలాగే తింటే మీరు ఇద్దరవుతారని."

తిరుగు దారిలో జీపులో ఆయన ఒక్కటే మాట అన్నారు. "నియంత్రణ లేని ఆహారం, నియంత్రణ లేని వృద్ధి. ప్రభుత్వ ట్యాంకులో, ప్రభుత్వ గాలి పీలుస్తూ." ఇది నిట్టూర్పు అనుకున్నాను. డిక్టేషనట.

మనుషులకి జీవోలు రాశాను, కుక్కలకి రాశాను, పందులకి రాశాను. జీవికి జీవో రాయడం మాత్రం అదే మొదలు. ఉత్తర్వు ఇలా తయారైంది:

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, శుద్ధి కేంద్రంలో నివసించు సూక్ష్మజీవులు ఆహార విషయమై ఎట్టి క్రమశిక్షణా పాటించకుండుట ఉన్నతాధికారి దృష్టికి వచ్చినది. కావున ఒకటో తేదీ నుండి సదరు జీవులకు ఉదయం ఆరు నుండి ఏడున్నర వరకు, సాయంత్రం ఆరు నుండి ఏడున్నర వరకు మాత్రమే ఆహారం అందించవలెను. మధ్యకాలమందు ఉపవాసం. చిరుతిండి నిషిద్ధం. బెల్లం పూర్తిగా నిషిద్ధం."

ఆరు పేరాలు అలా నడిచాయి. ఏడో పేరా మాత్రం ఉద్యోగుల ఆహార క్రమశిక్షణ ఉత్తర్వులోంచి ఎప్పటిలాగే చదవకుండా దింపేశాను. ఏడో పేరా దాకా చదివినవాడు మా ఆఫీసులో ఇంతవరకూ రిటైరవలేదు. అంటే అలాంటివాడు చేరలేదని.

నూకరాజు ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు.

"అయ్యా, ఆటికి ఉపాసం పనికిరాదండి."

"అందరూ మొదట్లో అదే అంటారు నూకరాజూ. మూడ్రోజులు తలనొప్పి ఉంటుంది, తర్వాత ఒళ్లు తేలికవుతుందిట."

"ఆటికి తల లేదండి. తిండి ఆగితే ముందు ఒంట్లో దాచుకుంది తింటాయండి. అదయ్యాక పక్కన చచ్చినోణ్ణి తింటాయండి. అప్పుడింక పోగులు లేస్తాయండి."

"పోగులేమిటి?"

"ఇంకో రకం జీవులండి. తిండి కరువైతే ఆటిదే రాజ్యం. దారప్పోగుల్లా పొడుగ్గా సాగి, ఎక్కడున్న మెతుకైనా అందుకుంటాయండి. అయి పెరిగితే బురద అడుక్కి దిగదండి. ఇరవయ్యెనిమిదో తారీకుని నీళ్లు పరీచ్చ చేసేవోళ్లు వత్తన్నారండి. నీళ్లు తేరకపోతే కేంద్రం మూసేత్తారండి. నన్ను పంపేత్తారండి." కాగితం నా బల్ల మీద పెట్టాడు. "నన్ను పంపితే పంపారండి. అయి ఏవైపోతాయండి?"

ఇరవయ్యెనిమిది గురించి ఒక నోటు పెట్టాను. కమిషనర్ గారు దాని మీద ఎర్ర సిరాతో రాశారు: "ఆ తేదీకి సూక్ష్మజీవులు నాజూకుగా కనిపించవలెను."

ఒకటో తేదీ ఉదయం ఏడున్నరకి కేంద్రంలోకి మురుగు వచ్చే గేటు దింపేశారు. లోపల ఉపవాసం మొదలైంది. బయట మురుగు వెళ్లడానికి దారి లేక వచ్చిన దారినే వెనక్కి బయల్దేరింది. పదింటికి రేవు వీధి మూతల్లోంచి పైకొచ్చింది. పదకొండింటికి కూరగాయల మార్కెట్టుకి వచ్చింది, కానీ ఏమీ కొనలేదు. పన్నెండింటికి మా ఆఫీసు మెట్ల దగ్గర హాజరైంది. మధ్యాహ్నం లోపల హాజరైనది ఆ రోజు అదొక్కటే.

ఇంకొకరైతే గేటు ఎత్తించేవారు. మా కమిషనర్ గారు సమస్య మూలంలోకి వెళ్లే మనిషి. మూలంలోకే వెళ్లారు.

"వడ్డన ఆపితే ఎలాగయ్యా? వంట ఆపాలి," అన్నారు. "సూక్ష్మజీవుల భోజనం ఎక్కడ తయారవుతోంది? ఇళ్లల్లో. తయారుచేసేదెవరు? పౌరులు. భోజన వేళల్లో తప్ప పౌరుడు వంట చేయరాదు."

రెండో ఉత్తర్వులో ఆ మాట ఇలా వచ్చింది: "పట్టణ పౌరులు తమ విసర్జన కార్యక్రమాలను ఉదయ, సాయంకాల భోజన వేళలకు అనుసంధానించుకొనవలెను. మధ్యకాలమందు రెంటికి వెళ్లుట అకాల భోజనంగాను, ఒంటికి వెళ్లుట చిరుతిండిగాను పరిగణించబడును."

మర్నాటి నుంచి కుళాయి నీళ్లు ఆ వేళల్లోనే వదిలారు. బస్టాండులోనూ సినిమా హాల్లోనూ మరుగుదొడ్లకి తాళాలు పడ్డాయి. వార్డుకొక సూపర్వైజరు ఈలతో తయారయ్యాడు. పొద్దున్న ఆరింటికి సైరను మోగగానే ఊరు ఊరంతా లేచి ఒకే లక్ష్యంతో లోపలికి పరిగెత్తేది. ఇంత ఐకమత్యం మా ఊరికి వస్తుందని ఎవరూ అనుకోలేదు. అయిదుగురు సభ్యులూ ఒక్క దొడ్డీ ఉన్న ఇళ్లల్లో మాత్రం ఐకమత్యం తలుపు దగ్గర ఆగిపోయేది.

అత్యవసరం వస్తే? దానికీ ఏర్పాటు ఉంది. "అకాల విసర్జన అనుమతి పత్రం." నా కిటికీ దగ్గరే ఇచ్చేవాణ్ణి. పేరు, ఇంటి నంబరు, ఒంటికా రెంటికా (అనవసరమైనది కొట్టివేయండి), కారణం, ఇద్దరు సాక్షుల సంతకాలు. పరిశీలనకు నలభై ఎనిమిది గంటలు. క్యూలో నిలబడ్డవాళ్లు అంత క్రమంగా, కాళ్లు అంత దగ్గరగా పెట్టుకుని నిలబడ్డం నేనెప్పుడూ చూడలేదు.

క్యూలో మొదటి మనిషి రోజూ మా మావగారే. రిటైర్డు డ్రిల్లు మాస్టారు, పైగా షుగరు. చట్టం అంటే ప్రాణం. ప్రాణం పోతున్నా చట్టం తప్పరు.

"ఏమోయ్ అల్లుడూ, నిన్న పెట్టిన దరఖాస్తు ఏమైంది?"

"పరిశీలనలో ఉంది మావయ్యగారూ."

"పరిశీలించేలోపు నిన్నటి అవసరం తీరిపోయింది. ఎలా తీరిందని అడక్కు. మీ అత్తగారి మల్లె మొక్కకి తెలుసు." జేబులోంచి ఇంకో కాగితం తీశారు. "ఇది రేపటికి. ముందుజాగ్రత్తగా తెచ్చాను. కారణం గడిలో 'మానవుణ్ణి' అని రాశాను, చాలుతుందా?"

"సాక్షులేరీ?"

"వంద గజాల దూరం నుంచి చూసినా తెలుస్తుందోయ్, సాక్షులెందుకు?"

ఆ సాయంత్రం ఇంట్లో నా భార్య నాకు అన్నం వడ్డించలేదు. "మా నాన్నకి అనుమతి వచ్చాక నీకు పప్పు వస్తుంది" అంది. సూక్ష్మజీవులతో పాటు నేనూ ఉపవాసం ఉన్నాను.

ట్యాంకులో ఉపవాసం మూడో రోజుకి ఉపవాసనైంది. ఆరో రోజుకి మహావాసనైంది. తొమ్మిదో రోజు పొద్దున్న నూకరాజు ఫోన్ చేసి "అయ్యా, ఓసారి రండి" అన్నాడు. వెళ్లి చూద్దును కదా, ట్యాంకు మీద గోధుమరంగు నురగ మూరెడెత్తు లేచి, తొలిసారి పట్నం చూడ్డానికొచ్చినట్టు గట్టు దాటి అటూ ఇటూ చూస్తోంది. గట్టు మీద గాజు జాడీ ఉంది. గంటన్నర కిందట ముంచాడట. బురద అడుగుకి దిగలేదు. దూదిపింజల్లా విప్పారి జాడీ అంచు దాకా నిలబడే ఉంది.

నూకరాజు జాడీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. "కూచోడం లేదండి," అన్నాడు. అంతే అన్నాడు. నేను కూడా ఏ శ్లేషా వెయ్యలేదు. నా జీవితంలో అలాంటి రోజులు తక్కువ.

ఇంతలో కమిషనర్ గారి జీపు వచ్చింది. ఆయన దిగి నేరుగా జాడీ దగ్గరికొచ్చి, వంగి చూసి, నిటారుగా లేచారు.

"ఇదివరకు ఇవి అడుగున పడి ఉండేవి కదూ?"

"ఆయ్," అన్నాడు నూకరాజు.

"ఇప్పుడు నేను రాగానే లేచి నిలబడ్డాయి." నా వైపు తిరిగారు. "రాసుకో. తొమ్మిది రోజుల్లో ఒళ్లు తేలికైంది, తేలుతున్నాయి. చురుకుదనం వచ్చింది. పెద్దవాళ్ల పట్ల గౌరవం వచ్చింది. ఆ నురగేమిటి?"

"ఆకలండి," అన్నాడు నూకరాజు.

"కొవ్వు," అన్నారు కమిషనర్ గారు. "కరిగిన కొవ్వు బయటికొస్తోంది. నాకు చెమటగా వచ్చింది." ఇంకో మూడు వారాలు ఉపవాసం పొడిగిస్తూ అక్కడికక్కడే నోట్ చెప్పారు. మూడు వారాలంటే ఇరవయ్యెనిమిదో తేదీ దాటిపోతుంది. నూకరాజు ఆ తేదీ మాట ఎత్తబోయి, నా ముఖం చూసి ఊరుకున్నాడు. నేను కలం చూసుకుంటున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నా కిటికీ దగ్గర వరహాలు నిలబడింది. అకాల విసర్జన కోసం కాదు. చేతిలో ట్యాంకు ఉత్తర్వూ, అంగన్‌వాడీ గోడ మీద అంటించే నోటీసూ కలిపి మడిచిన కాగితాలు ఉన్నాయి.

"ఏంటమ్మా వరహాలూ?"

"మా ఆయన అన్నం మానేశాడండి. అయి తిననిదే నేనెట్టా తింటానంటాడు. మీ కాగితం ఆయన ఉపాసానిక్కూడా వర్తిస్తదా అని అడుగుదావని వచ్చేను."

"అందులో అతని పేరు లేదమ్మా."

"చదివేనండి. ఏడు పేరాలూ చదివేను."

నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. "ఏడోది కూడానా?"

"అది మా సెంటర్లో గోడకి ఉన్నదేనండి. 'గర్భిణులు, బాలింతలు, ఐదేళ్లలోపు పిల్లలకు ఈ ఉపవాస నిబంధన వర్తించదు. వారికి అదనపు పోషకాహారం అందించవలెను.' ఇదిగోండి, మీ సంతకం పైనే ఉంది." వేలు పెట్టి చూపించింది. "మరి మా ట్యాంకులో ఉన్నయ్యన్నీ ఆళ్లేగా?"

"ఎవరు?"

"ఇప్పుడొకటి ఉందనుకోండి. తిండి బాగుంటే పూట తిరిగేలోపు రెండవుద్ది. అంటే ఇప్పుడది నిండు చూలాలు. రెండయ్యాక బాలింత. ఆ పక్కది చంటిది. అదీ పూట తిరిగేలోపు మళ్లీ చూలాలే. అందులో ఐదేళ్లు దాటిందొక్కటి చూపించండి, దానికి ఉపాసం పెట్టండి. నేనొద్దనను."

ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను రాసిన ఉత్తర్వుని ఒకరు చివరి దాకా చదవడం అదే మొదటిసారి. నా కళ్లు చెమ్మగిల్లాయి. క్యూలో ఉన్న మా మావగారి కళ్లు కూడా చెమ్మగిల్లాయి గానీ ఆయన కారణం వేరు.

వెంటనే నోటు రాశాను. "ఏడవ పేరా ననుసరించి ట్యాంకులోని సమస్త జీవులూ మినహాయింపు పరిధిలోకి వచ్చుచున్నవి. ఇంతకాలం గర్భిణులకు ఆహారం నిలిపివేసిన బాధ్యత ఎవరిదో నిర్ణయించవలసి ఉన్నది." రెండో వాక్యం చేరేదాకా మొదటి వాక్యాన్ని ఏ అధికారీ పట్టించుకోడు. రెండోది చదివాక కమిషనర్ గారు నన్నూ నూకరాజునీ పిలిపించారు. ఆయన ముఖంలో పోయిన పంతొమ్మిది కిలోల కంటే ఇంకో రెండు ఎక్కువ పోయాయి.

"వీటిలో గర్భిణులెన్ని?"

"అన్నీనండి," అన్నాడు నూకరాజు.

"ఆడవెన్ని?"

"ఆడా మగా తేడా లేదండి. ఎవరికి వారే అవుతారండి."

"మరి రిజిస్టర్లో తండ్రి పేరు గడి ఉంటుందయ్యా. అక్కడ ఏం రాస్తాం?"

ఇద్దరం నూకరాజు వైపు చూశాం. అతను సిగ్గుపడి తల దించుకున్నాడు.

ఒక ఉత్సాహం పోయినచోట ఇంకో ఉత్సాహం రాకుండా మా కమిషనర్ గారు ఒక్క పూట కూడా ఉండలేరు. ఉపవాసం తప్పని తేలాక ఊరుకుంటే పొరపాటు చేసినట్టు కనపడుతుంది. ఊరేగిస్తే పథకంలా కనపడుతుంది. అందుకని పధ్నాలుగో తేదీ పొద్దున్న కేంద్రం ముందు బ్యానరు కట్టించారు. "సూక్ష్మజీవమ్మలకు సామూహిక సీమంత మహోత్సవం." మురుగు గేటు పూర్తిగా ఎత్తేశారు. ఊళ్లో తాళాలు తీసేశారు. ఊరికి వచ్చిన ఊరట ఆ రోజు గొట్టాల్లో వినపడింది.

ఇరవై నాలుగు వార్డుల నుంచీ ఆడవాళ్లు పళ్లేలతో వచ్చారు. చలిమిడి, నానబెట్టిన సెనగలు, నువ్వుండలు, మినపసున్నుండలు, గాజులు. వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని పాట పాడారు. చూలాలికి చలిమిడి ఎందుకు పెడతారో నాకు తెలీదు గానీ, చలిమిడి అంటే బియ్యప్పిండీ బెల్లమూ. రెండు వారాలుగా నూకరాజు అడుగుతున్నదీ, ఉత్తర్వు నిషేధించిందీ అదే బెల్లం.

"బలానికి చలిమిడి చాలండి," అన్నాడు నాతో మెల్లగా. "కండకి సెనగలూ సున్నుండలూనండి. నువ్వుల్లో భాస్వరం ఉందండి. ఆటికి నూరు పాళ్లు అన్నవుంటే ఐదు పాళ్లు పప్పు, ఒక పాలు ఉప్పులాగ కావాలండి. సీమంతం ఎవరు కనిపెట్టారో గానండి, ఆళ్లకి ట్యాంకు సంగతి బాగా తెలుసండి."

కమిషనర్ గారు మొదటి పళ్లెం ఎత్తి ట్యాంకులోకి బోర్లించబోతే వరహాలు అడ్డం వచ్చింది.

"ఆగండి సార్. పధ్నాలుగు రోజుల ఉపాసం మీదున్న పిల్లకి ఒక్కసారే ముద్ద పెడతావేటండి? జావ చేసి కొంచెం కొంచెం పొయ్యాలి. పిండి అరాయించుకోడానికి కావాల్సిన రసం మళ్లీ తయారు చేసుకోవద్దా అయి?"

మా ఆఫీసులో కూడా కొత్త ఫైలొస్తే ముందు ట్యాగు, తర్వాత అట్ట, తర్వాత నంబరు. పని ఆ తర్వాతే. సూక్ష్మజీవులూ మేమూ ఒకటేనని ఆ రోజు తెలిసింది. అవి తర్వాతైనా పని చేస్తాయి, అదొక్కటే తేడా. చలిమిడీ నూరిన సెనగలూ డ్రమ్ముల్లో కలిపి, పల్చగా చేసి, నూకరాజు చెంబుతో పోశాడు. ముందు బెల్లం ఖాళీ చేశాయట. అది అయిపోయేదాకా సెనగలు ముట్టలేదట. పెళ్లి భోజనంలో నేనూ అంతే.

గాజుల దగ్గర చిక్కొచ్చింది. ట్యాంకుకి చేతుల్లేవు. కార్యక్రమ పత్రంలో మాత్రం "గాజులు తొడుగుట" అని నేనే రాశాను, రాసింది జరిగి తీరాలి. కమిషనర్ గారు వాచీ చూసుకున్నారు.

"ఎవరో ఒకరు గర్భిణుల తరఫున ప్రతినిధిగా కూర్చోండి."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడో వార్డు ముసలమ్మ ఒకావిడ వరహాలు భుజం పట్టి పీట మీద కూర్చోబెట్టేసింది. "నువ్వు కూచోవే. ఆటిని పెంచింది మీ ఆయనేగా."

"నాకెందుకొదినా," అంది వరహాలు. "నేను పళ్లెం పట్టుకుంటాను. అలవాటే."

"పాతికేళ్లు పట్టుకున్నావులే. చెయ్యివ్వు."

చెయ్యి ఇచ్చింది. అరచెయ్యి పిడికిలి చేసుకుని, తల పక్కకి తిప్పుకుని. గాజులు ఎక్కుతుంటే నూకరాజు అటు చూడకుండా చెంబుతో జావ పోస్తూనే ఉన్నాడు. డ్రమ్ము ఖాళీ అయ్యాక కూడా రెండు సార్లు చెంబు ముంచాడు.

ఆ తర్వాత రెండు వారాలు మా ఊరు ఎప్పుడు పడితే అప్పుడు, ఎంత పడితే అంత, స్వేచ్ఛగా ట్యాంకుని పోషించింది. మా మావగారు గంటకోసారి లేచి, "పోషకాహారం అందించి వస్తాను" అని నాకు చెప్పి మరీ వెళ్లేవారు. ఇంట్లో నాకు మళ్లీ పప్పు వచ్చింది. నురగ మూరెడు నుంచి జానెడైంది, జానెడు నుంచి బెత్తెడైంది. జాడీలో మాత్రం బురద ఇంకా పైనే నిలబడి ఉంది. ఇరవయ్యో తేదీకి సగానికి దిగింది. ఇరవయ్యారుకి ముప్పావు వంతు దిగింది. నూకరాజు ఫోన్లో భార్యకి ఏమీ చెప్పడం లేదు. ఆవిడా అడగడం లేదు. గాజులు మాత్రం తియ్యలేదు.

ఇరవయ్యెనిమిదిన నీళ్లు పరీక్షించే ఆవిడ వచ్చింది. సన్నటి మనిషి, చేతిలో నల్ల పెట్టె, మాట తక్కువ. నూకరాజు జాడీ ముంచి గట్టు మీద పెట్టాడు. ఆవిడ గడియారం చూసుకుంది. ఐదు నిమిషాలు ఏమీ కాలేదు. పది నిమిషాలకి దూదిపింజలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. పదిహేనుకి బరువెక్కాయి. నూకరాజు గొంతుక్కూర్చున్నాడు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. ఇరవై రెండో నిమిషాన బురద మొత్తం నిదానంగా, అలిసిపోయి ఇంటికొచ్చిన మనిషిలా, అడుగుకి దిగి సర్దుకుంది. పైన నీళ్లు తేటగా నిలబడ్డాయి. అవతల పెట్టిన నల్ల పెట్టె మీద తాళం నంబరు ఆ నీళ్లలోంచి చదవొచ్చు.

"బాగుంది," అందావిడ. సంతకం పెట్టింది.

నూకరాజు ఫోన్ తీశాడు. "కూచున్నాయే," అన్నాడు. అవతల ఏమందో వినపడలేదు.

అప్పుడే కమిషనర్ గారి జీపు వచ్చింది. ఆయన దిగారు, జాడీ దగ్గరికొచ్చారు, వంగి చూశారు. అడుగున పడి ఉన్న బురదని చూసి కనుబొమలు ముడిచారు.

"పోయినసారి నేను రాగానే లేచి నిలబడ్డాయి," అన్నారు. "ఈసారి చలనం లేదేం? ఆ గౌరవం ఏమైంది?"

నేను కలం తీశాను, మెమో అనుకుని.

నూకరాజు చేతులు కట్టుకుని ఆయనకీ జాడీకీ మధ్య వచ్చి నిలబడ్డాడు.

"బాలింతలండి," అన్నాడు. "లేవకూడదండి."